కుండను జూచి మెతుకును చెప్పుట

(కేసముద్రమున చదివిన స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో ఆ మహనీయుని పేరు నేను ఉచ్చరింపబోవుట లేదు. బ్రతికియున్న కాలమున సభలో ఎవరైన తన పేరెత్తి పొగడబోయినచో చల్లగా లేచి బయటికి పోయి టీకొట్టు ముందు నిలుచుండు స్వభావము కలవారాయన. పటమునుండి లేచిపోవ వీలులేని ఈ స్థితిలో ఆయనను ఇబ్బంది పెట్టుట న్యాయము కాదు. కేసముద్రమున 'లెక్కల సారు' అన్నచో ఎవరో చెప్పనక్కరలేదు. బడిలో ఆయన నేర్పిన లెక్కలను మాలో పలువురము మఱచిపోయితిమి గాని, ఆయన చేతిసంచిలోని పొడుగాటి పుస్తకమును మఱచినవారు లేరు. ఆ పుస్తకమున దినమునకొక వరుస, వరుసకు మూడు గళ్ళు: వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసినది, మార్కెట్ యార్డులో మిర్చి క్వింటాలు ఎంత పలికినది, ఉదయపు బండి ఎన్ని నిమిషములు ఆలస్యముగా వచ్చినది. వాన లేని దినమున ఆ గడిని ఊరక విడువక సున్న చుట్టెడివారు. ఎందుకు సారూ, వాన రాలేదు గదా, విడిచిపెట్టరాదా యని నేనొకమారు అడిగితిని. "సున్న వేరు, ఖాళీ వేరు బిడ్డా. సున్న అంటే చూసిన, లేదు. ఖాళీ అంటే చూడనే లేదు" అనిరి. నేను తరువాత చదివిన సాంఖ్యక గ్రంథములు పెక్కింటిలో ఈ రెండు వాక్యములంత స్పష్టమైన మాట నాకు కనబడలేదు.

ఆయన మరణానంతరము ఆ పుస్తకములను తిరగవేయు భాగ్యము నాకు కలిగినది. రాత్రివేళ పక్షవాతము వచ్చి, తెల్లవారకముందే స్పృహ తప్పి, మఱునాటికి ఆయన లేకపోయిరి. దానికి రెండు నెలల ముందు, ఏదో పని మీద పొరుగూరికి పోయి, అక్కడ ఒకచోట రక్తపోటు చూపించుకొనిరట. ఆనాటి వరుసలో వాన సున్న, మిర్చి ధర, బండి ఆలస్యము యథావిధిగా ఉన్నవి. క్రింద చిన్న అక్షరములతో "బీపీ కొంచెము ఎక్కువ" అని ఉన్నది. ముప్పదియేండ్ల పుస్తకములలో అంకె లేని వ్రాత అది యొక్కటియే. కొలిచినవారు అంకె చెప్పలేదో, చెప్పినను ఈయన మొగమాటపడి మఱల అడుగలేదో, ఇప్పుడు తెలియదు. నేటి ఉపన్యాసమునకు విషయమును కోరుకొనుమని నిర్వాహకులు అడిగినప్పుడు నా మనస్సు ఆ పంక్తి వద్దనే ఆగినది. మనుష్యునికి రాబోవు వ్యాధి ముప్పును అంకెలలో లెక్కించు విద్య ఏమి, దాని బలమెంత, అది ఎక్కడ తప్పటడుగు వేయును అనునదియే నేను చెప్పబూనిన విషయము.

ఫాల్గుణ చైత్రములలో మన యార్డునకు పోయినవారు చూచియే యుందురు. అడ్తిదారు ముందు ఎఱ్ఱని రాశి; ఖరీదుదారు వచ్చి మోచేతి దాక చేయి దూర్చి, లోపలినుండి ఒక పిడికెడు కాయ తీసి, అరచేతిలో విదిలించి, ఒకటి విఱిచి గింజ చూచి, వాసన చూచి, రాశి యంతటికి ధర చెప్పును. పిడికెడు చూచి రాశిని నిర్ణయించుటను మన పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండయెల్ల ఒలుకబోయనక్కరలేదు, ఒక్క మెతుకు నొక్కి చూచిన చాలును. సాంఖ్యకశాస్త్రములో సగము ఈ న్యాయమునకు వ్యాఖ్యానమే. కాని వైద్యుడు రోగి యెదుట కూర్చుండి 'నీకు రాబోవు పదియేండ్లలో గుండెపోటు గాని పక్షవాతము గాని వచ్చు ముప్పు నూటికి ఇంత' అని చెప్పునప్పుడు చేయునది దీనికి సరిగా విలోమము. అతడు ముందుగా కుండనంతయు చూచి, ఆ తెలివితో ఒక్క మెతుకు గతిని చెప్పబోవుచున్నాడు. మెతుకును చూచి కుండను చెప్పుట సులభము. కుండను జూచి మెతుకును చెప్పుట సాహసము. ఈ సాహసము ఎట్లు పుట్టినదో కొంచెము విన్నవింతును.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆనాడు ఆయన రక్తపోటు 300కు 190. అంతకుముందు సంవత్సరములనుండి అది మెట్టుమెట్టుగా ఎక్కుచుండగా ఆయన ఆంతరంగిక వైద్యుడు వయస్సునకు తగినదే యని లోకమునకు చెప్పుచువచ్చెను. అధ్యక్షుని రక్తపోటునకు లేనిది అంకె కాదు. ఆ అంకెకు అర్థము లేకపోయినది. ఎంత పోటు ఎంత అపాయమో తెలియవలెనన్నచో, రోగము రాకముందే వేలమందిని కొలిచి, వారిలో ఎవరు పడుదురో, ఎవరు నిలుతురో ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండవలెను. 1948లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఫ్రామింగ్‌హామ్ అను చిన్న పట్టణమున ఆ పని ఆరంభమైనది. 5209 మంది స్త్రీపురుషులు రెండేండ్లకొకసారి వచ్చి రక్తపోటు, రక్తములోని కొవ్వు, బరువు కొలిపించుకొనిరి. పొగత్రాగుదురో లేదో చెప్పిరి. తరువాత వారి బిడ్డలు, ఆ తరువాత మనుమలు ఆ వరుసలోనికి వచ్చిరి. నేడు మనము అలవోకగా వాడు 'రిస్క్ ఫ్యాక్టర్' అను మాటను వైద్యలోకమున ప్రచారము చేసినది ఆ పట్టణపు పరిశోధకులే.

ఇంతమందిని కొలిచిన వెనుక తేలిన చిక్కు ఏమనగా, ఒక్కొక్క కారణమును విడివిడిగా చూచినచో ఏదియు పూర్తిగా చెప్పదు. రక్తపోటు హెచ్చుగా ఉన్నవారిలో పలువురు హాయిగా ముసలివారగుదురు. పోటు సరిగానున్నవారు కొందరు పొలము గట్టుననే కూలుదురు. కావున అన్నిటిని కలిపి తూచు కాంటా యొకటి కావలసివచ్చెను. 1967లో ట్రూయెట్, కార్న్‌ఫీల్డ్, కానెల్ అను మువ్వురు ఫ్రామింగ్‌హామ్ లెక్కలతో అట్టి కాంటాను కట్టిరి. దాని పద్ధతి స్థూలముగా ఇది: పడినవారిని, నిలిచినవారిని ఇరువైపుల నిలిపి, వయస్సునకు ఇంత, పోటునకు ఇంత, పొగకు ఇంత యని ఒక్కొక్కదానికి బరువు కట్టుదురు, ఏ బరువులు కట్టినచో గడచినవారి కథ మిక్కిలి సరిగా పొసగునో ఆ బరువులనే ఉంచుకొందురు, క్రొత్తవాడు వచ్చినప్పుడు వాని కొలతలను ఆ బరువులతో గుణించి కూడి, ఆ మొత్తమును, సున్నకు నూటికి నడుమ మాత్రమే తిరుగునట్లు వంచిన యొక రేఖ మీద పెట్టి, నూటికి ఇంత యని చదువుదురు. ఇందులో మంత్రమేమియు లేదు. మన యార్డులో తూకము వేయు దడువాయి రాళ్ళు మార్చి మార్చి ముల్లు నిలుచువఱకు చూచుట వంటిదే.

ఈ కాంటాల వంశవృక్షమున మన తెలుగు శాఖ యొకటి కలదని చెప్పుటకు నాకు ఒకింత గర్వము. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హూవినహడగలిలో తెలుగు కుటుంబమున పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువుకొని, ఆంధ్ర విశ్వకలాపరిషత్తులో గణితమున పట్టము పొంది, 1941లో కలకత్తాకు పోయి మహలనోబిస్ పండితుని సాంఖ్యక సంస్థలో చేరెను. 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించినది ఏ రాజకార్యమో కాదు, సూడాన్ దేశపు జెబెల్ మోయా యను చోట త్రవ్వి తీసిన పురాతనాస్థుల కొలతలు. ఒక కపాలమున పలు కొలతలు తీసి, వానినన్నిటిని కలిపి, ఇది ఏ జనసమూహమునకు చెందియుండునో చెప్పుట ఎట్లు? రెండు సమూహముల విషయమున ఫిషర్ మహాశయుడు 1936లో త్రోవ చూపియుండెను. పలు సమూహములకు ఆ త్రోవను విస్తరించి రావుగారు 1948లో వ్యాసము ప్రకటించిరి. కపాలము స్థానమున బ్రతికియున్న మనిషిని, కొలతల స్థానమున పోటును చక్కెరను, సమూహముల స్థానమున 'పడబోవువారు', 'నిలువబోవువారు' అని పెట్టి చూడుడు; నేటి వైద్యుని లెక్కకు అది పెదతండ్రి వరుస అగును. 2023లో నూట రెండేండ్ల వయస్సున ఆయన అమెరికాలో గతించిరి. 

ఒక్క మనిషి ముప్పును గాక జనమంతటి జ్వరమును లెక్కగట్టిన ఇంకొక పేరును కూడ ఇక్కడ తలచి పోవుదును. సికింద్రాబాదున 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన రోనాల్డ్ రాస్‌ను అందరెఱుగుదురు. ఆ రాసే తరువాతి కాలమున సమీకరణములు వ్రాసి, దోమలను సమూలముగా చంపనక్కరలేదు, ఒక హద్దునకు దిగువకు తగ్గించినచో జ్వరము తనంతట తానే సన్నగిల్లునని వాదించెను. 

ఇక అసలు సంకటము. యార్డులో మక్కలు అమ్మినవారికి, పత్తి అమ్మినవారికి తేమ మిషన్ సంగతి నేను చెప్పవలెనా? మక్కలలో తేమ నూటికి 14 దాటినచో ధర తెగును. గింజలు పోసి మీట నొక్కగానే అంకె వెలుగును. ఆ అంకె రైతు సంవత్సరపు కష్టమును తేల్చివేయును. అప్పుడు మన రైతు ఏమనును? "గీ మిషన్ ఎవడు సరిజేసిండు? ఎప్పుడు సరిజేసిండు?" అనును. ఈ ప్రశ్నకంటె శాస్త్రీయమైన ప్రశ్న లేదు. వ్యాధి ముప్పును చెప్పు కాంటాకును ఇదే వేయవలసిన ప్రశ్న. ఫ్రామింగ్‌హామ్ పట్టణపు తెల్లవారి మీద సరిచేసిన యంత్రమును కేసముద్రపు హమాలీ మీద పెట్టినచో అంకె వెలుగకపోదు. యంత్రమునకు సిగ్గు లేదు. ఎవరెవరికన్న ఎక్కువ ప్రమాదమున ఉన్నారో వరుస కట్టుటలో అది అంతగా తప్పకపోవచ్చును, ఏలయన పొగ అక్కడను చేటే, ఇక్కడను చేటే. కాని నూటికి పది యన్నచోట నిజముగా పదిమంది పడుదురా, పదునైదుగురా యనుట వేఱు సంగతి. వరుస సరిగా నుండి అంకె తప్పవచ్చును. ఈ రెండిటిని విడదీసి చూడనివారు ఇట్టి కాంటాను, అనగా మోడల్‌ను మెచ్చుకొన్నను తెగడినను నేను నమ్మను.

ఈ లోపమును పెద్దలు గుర్తింపకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రాంతములవారీగా పట్టికలు వేసినది. 2019లో లోకమును 21 భాగములుగా పంచి, ఒక్కొక్క భాగపు వ్యాధి పరిమాణమును బట్టి కాంటాను మఱల సరిచేసినది. రక్తపరీక్ష లేనిచోట వయస్సు, స్త్రీపురుష భేదము, పొగ, రక్తపోటు, ఎత్తునుబట్టి చూచిన బరువు, ఇంతమాత్రముతోనే చదువదగిన పట్టికయు అందులో కలదు. మన పొరుగు మద్రాసు నగరమున మోహన్ వైద్యుడును సహచరులును 2005లో మనవారి కొలతలతోనే మధుమేహపు గుణాంకమును కట్టిరి. వయస్సు, నడుము, శ్రమ, తల్లిదండ్రులలో ఎవరికైన చక్కెర ఉన్నదా యను నాలుగు ప్రశ్నలు. నూటికి 60 వచ్చినచో జాగ్రత్త పడవలెను. నగరవాసుల మీద కట్టిన దానిని మిర్చిచేనులో వంగి పని చేయువారి మీద పెట్టునపుడు రైతు ప్రశ్న మఱల అడుగవలసినదే.

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారి కథ మఱియొక విధము. అక్కడ వైద్యులు వాడు క్యూరిస్క్ అను ముప్పు లెక్కకు 2008లో వచ్చిన రెండవ కూర్పులో మనిషి జాతిమూలమును కూడ ఒక బరువుగా చేర్చిరి. భారతీయుడైనచో అదే కొలతలకు ముప్పు కొంత హెచ్చుగా చూపును. పైగా కొవ్వు తగ్గించు మాత్రను ఇవ్వజూపుటకు ముప్పు నూటికి 20 ఉండవలెనన్న హద్దును 2014లో అక్కడి జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ పదికి దించినది. అన్నదమ్ములిద్దరిలో ఒకడు లెస్టరులో, ఒకడు మన ప్రక్కనున్న ఇంటికన్నెలో ఉన్నారనుకొందము. ఇద్దరి ముప్పును నూటికి 12. అక్కడివాడు మాత్రకు అర్హుడు. హద్దు 20 అనుకొను చోటనున్న ఇక్కడివాడు 'నీకేమి లేదు పో' అనిపించుకొనును. దేహము మాఱలేదు, నెత్తురు మాఱలేదు. ముప్పు ఎంత యనుట గణితము. ఎంత ముప్పునకు మందీయవలెననుట ఆ దేశము ఎంత ఖర్చు భరింపగలదన్న రాజ్యవ్యవహారము. రెండవదానిని మొదటిదాని వలువలతో కప్పి రోగి ముందు నిలుపుట నాకు సమ్మతము కాదు.

నూటికి 20 అను మాట విన్నవాడు ఏమి వినుచున్నాడు? 'నాకు ఇరువది పాళ్ళు జబ్బున్నది' అని ఒకడు, 'ఎనుబది పాళ్ళు బాగున్నది గదా' అని ఒకడు. వైద్యుడు చెప్పినది ఈ రెండును కాదు. నీవంటి కొలతలు గల నూఱుగురిని వరుసగా నిలిపినచో పదియేండ్లలో ఇరువదిమంది పడుదురు, ఆ ఇరువదిలో నీవుందువో లేదో నేనెఱుగను అని. వరద విషయమునను ఇట్టి పొరపాటే కలదు. 2024 సెప్టెంబరు 1న మన ఇంటికన్నెకు కేసముద్రమునకు నడుమ వరద పట్టాల క్రింది కంకరను, కట్టను కొట్టుకొనిపోగా ఇనుప పట్టాలు గాలిలో వ్రేలాడుట మీరందరు చూచితిరి. ఇంజనీర్లు 'నూఱేండ్లకొకసారి వచ్చు వరద' అను మాట వాడుదురు. అది విని, ఒకసారి వచ్చి పోయినది గనుక ఇంక మన మనుమల కాలము దాక భయము లేదనుకొనువారు కలరు. ఆ మాటకు అర్థము ఏ యేటికాయేడు నూటికొక పాలు అనియే. లెక్కల సారయినచో బల్ల మీద సుద్దతో గీసి చూపెడివారు: ఆ లెక్కన ముప్పదియేండ్ల ఉద్యోగకాలమున గాంగ్‌మన్ ఒకడు అట్టి వరదను ఒకసారియైన చూచు సంభావ్యత నూటికి 26. అది చిన్న అంకె కాదు.

ఈ అంకె వైద్యునికి ఎందులకు పనికివచ్చునో ఒక్క ఉదాహరణముతో చెప్పి ముందుకు సాగెదను. పై రక్తపోటును పది మిల్లీమీటర్లు తగ్గించినచో గుండె, రక్తనాళముల ఘాతములు సుమారు అయిదవ వంతు తగ్గునని పెక్కు పరీక్షలను కలిపి 2016లో తేల్చిరి. నూటికి ఇరువదిమంది పడనున్న గుంపులో అందరికి మాత్రలిచ్చినచో పదునార్గురే పడుదురు, నలుగురు దక్కిరి. నూటికి అయిదుగురు పడనున్న గుంపులో అదే మాత్ర, అదే ఖర్చు, మందు వలన వచ్చు అవే కాళ్ళవాపులు, దక్కువాడు ఒక్కడు. మందులు కొద్దిగా, నర్సులు కొద్దిగా ఉన్నచోట మొదట ఎవరి తలుపు తట్టవలెనో ఈ గణితము చెప్పును. పేదదేశమునకు ఈ విద్య విలాసము కాదని నేననుట ఇందుచేతనే.

మన రెండు రాష్ట్రములు ఒక్కటిగా నున్న కాలముననే గోదావరి జిల్లాలలో పల్లెల ముప్పును కొలుచు పని ఆరంభమైనది. 45 గ్రామములలో, సుమారు లక్షయెనుబదివేల జనాభాలో, 2003-04లో ఒక యేడాది సంభవించిన 1354 మరణములను ఇంటింటికి పోయి అడిగి, బ్రతికియున్న బంధువుల నోట మరణకారణమును రాబట్టిరి. కలరా, క్షయలు ముందుండునని తలచినవారికి ఆశ్చర్యము కలుగునట్లు నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వలననే యని తేలినది. పల్లెవానికి గుండెపోటు రాదన్న పట్నపు అపోహ అక్కడ చచ్చినది. అటుపిమ్మట ఆరోగ్య పరిశోధన సంస్థయైన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ ఇచ్చి, ఇంటి అరుగు మీదనే ముప్పును లెక్కించి, హెచ్చుగా నున్నవారిని డాక్టరు నొద్దకు పంపించు పద్ధతిని పరీక్షించిరి. లోకమున ఎవరికిని తీసిపోనట్లు మన ఆశా అమ్మలు ఆ యంత్రమును వాడిరి. వేలమంది ముప్పు గలవారు గుర్తింపబడిరి. 2019లో ఫలితములు ప్రకటించినప్పుడు మాత్రము, రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి పాలు, ఈ పద్ధతి ఉన్న ఊళ్ళలోను లేని ఊళ్ళలోను ఇంచుమించు సమానమే.

ఈ ఫలితమును ఓటమి యని త్రోసిపుచ్చువారు ఉండవచ్చును. నేను దానిని చాల విలువగలదిగా ఎంతును. దాపరికము లేకుండ ప్రకటించిన వారికి నమస్కరింతును. అంకె తన పని తాను చేసినది. అటుపైని గొలుసులో డాక్టరు ఉండుట, మాత్రలు నెలనెల దొరకుట, రోగి కూలి మానుకొని రాగలుగుట, వచ్చినవాని మందును పెంచుటకు డాక్టరు సాహసించుట అను కొలుకులున్నవి. వానిలో ఏ యొక్కటి తెగినను కాంటా ఎంత సూక్ష్మమైనను ముల్లు ఊగుటయే గాని బస్తా కదలదు.

మన పొరుగు ములుగు జిల్లాలోను, సిరిసిల్లలోను 2022 మార్చిలో పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారి ఆరోగ్యపు కొలతలను ఇంటివద్దనే తీయు హెల్త్ ప్రొఫైల్ పని మొదలుపెట్టిరి. మన గుట్టల క్రింది జనుల కొలతలు మనకే ఉండుట మంచిదే. అయితే ఒక్కసారి కొలిచి బీరువాలో పెట్టినది రాశియే గాని జ్ఞానము కాదు. ఫ్రామింగ్‌హామ్ వారు గొప్పవారైనది కొలిచినందులకు కాదు, రెండేండ్లకొకసారి మఱల పిలిచి చూచినందులకు. పడినదెవరో, నిలిచినదెవరో వ్రాసుకొననిచో ఏ బరువును కట్టరాదు.

లెక్కల సారు చెప్పిన సున్నను, ఖాళీని మఱల తలచుకొనవలసిన చోటికి వచ్చితిని. అమెరికాలో రోగులను ఎంచుటకు వాడుచుండిన ఒక లెక్కను 2019లో పరిశోధకులు విప్పి చూడగా, ఎవరెంత రోగిష్ఠియో తెలియుటకు అది వారి వైద్యమునకైన ఖర్చును కొలబద్దగా పెట్టుకొన్నదని బయటపడినది. నల్లవారికి వైద్యము అందుబాటు తక్కువ, కావున ఖర్చు తక్కువ, కావున లెక్కలో వారు ఆరోగ్యవంతులు! దవాఖానాకు పోలేనివాడు దవాఖానా అక్కరలేనివాడైపోయెను. చూడనిదానిని లేనిదానిగా వ్రాసికొనుట యనగా ఇదియే. ఆరోగ్యశ్రీ వంటి పథకముల బిల్లులను బోసి రేపు ఎవరైన మనకు మోడల్ కట్టబూనినచో ఈ సంగతి ముందుగా అడుగుడు. బిల్లు లేనివాడు అందులో ఏ గడిలో ఉన్నాడని.

అంత దూరమెందుకు, మన ఊరి సంగతియే చెప్పెదను. మొన్నటి మిర్చి కాలమున ఒక ఆశా కార్యకర్త వెంట నేను కొన్ని ఇండ్లు తిరిగితిని. ముప్పదియేండ్లు దాటిన ప్రతివారికి బీపీ, చక్కెర చూడవలెనని నియమము. ముందుగా ఎవరిని పిలువవలెనో తెలియుటకు సీబ్యాక్ అను ప్రశ్నపత్రము కలదు. అందులో గుణాంకము నాలుగు దాటినవారు ముందువరుస. ఒక ఇంటి ముందు యాబదిరెండేండ్ల అమ్మ, యార్డులో కాయ ఏరు పనికి పోయివచ్చి, మిర్చి ఘాటునకు ముక్కు చీదుచు కూర్చున్నది.

"పెద్దమ్మా, జెర లేచి నిలబడు, నడుము కొలుస్త" అని టేపు తీసినది ఆశా. డెబ్బదియెనిమిది సెంటీమీటర్లు; సున్న. రోజంతయు వంగి లేచు పని గనుక శ్రమ గడిలోను సున్న. తంబాకు నములుట ప్రతిదినము, రెండు. కల్లు సంగతి అడుగగా, "రోజు యాడ దొరుకుతది బిడ్డా, తాళ్లు పారినప్పుడే" అని నవ్వినది, సున్న. వయస్సు యాబది దాటినది. మొదట వచ్చిన పత్రము ప్రకారము రెండు. ఇక చివరి ప్రశ్న: అమ్మకో, నాయనకో, తోబుట్టువులకో బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నదా? ఆమె కొంచెముసేపు ఆలోచించినది.

"మా అవ్వ నాటు ఏస్తేస్తనే ఒరిగిపోయింది. గాలి తాకిందన్నరు. ఎవలు చూసిండ్రు బిడ్డా?"

పత్రములో అవునునకు రెండు, కాదునకు సున్న. మూడవ గడి లేదు. ఆశా కలము ఎత్తి నా వంక చూచి, నేనేమియు అనకపోవుటచే, 'కాదు' వద్ద టిక్కు పెట్టినది. మొత్తము నాలుగు, నాలుగు దాటలేదు. తరువాత వచ్చిన పత్రములో వయస్సునకు మెట్లు మార్చిరి, యాబది మొదలు యాబదితొమ్మిది వఱకు మూడు. దాని ప్రకారము ఆమెకే అయిదు. నాటు వేయుచు ఒరిగిన తల్లిని లెక్కలోనికి తెచ్చియుండినచో ఏ పత్రము ప్రకారమైనను ఆమె ముందువరుసలో నుండెడిది.

"కొలుసుడేనా, గోలీలేమన్న ఇచ్చేదున్నదా?" అని ఆమె అడిగినది.

"గోలీలు బీపీ చూసినంకనే పెద్దమ్మా. గురువారం సబ్‌సెంటర్‌కు రా, సిస్టరమ్మ చూస్తది."

"గురువారం యార్డుల పెద్ద లాటున్నదట. పోకపోతె కూలి పాయె."

ఆశా కొంతసేపు టేపును వ్రేలికి చుట్టుకొనుచు నిలిచినది. పిదప తన సొంత నోటుబుక్కు తీసి, పత్రములో చోటులేనిదేదో ఒక పంక్తి అందులో వ్రాసికొని, "అయితె గురువారం పొద్దుగూకినంక సిస్టరమ్మను తోలుకొని నేనే వస్త, ఎటు పోకు" అని చెప్పి, ప్రక్కయింటి దడి తీసికొని లోపలికి నడచినది.